ఊఁ కొట్టే గది

ఆయుధ పూజ నాడు పరిశోధన కేంద్రంలో ముప్పై తొమ్మిది గొంతులు చచ్చిపోయాయి. నలభయ్యోది బతికింది. అది చప్పుడు చేస్తుంది కాబట్టి బతికింది.

కేంద్రం శామీర్‌పేట దగ్గర, రాజీవ్ రహదారికి కాస్త లోపలికి ఉంటుంది. మూడో అంతస్తులో గొంతులు పెంచుతారు. వానల్లో వచ్చి ఊపిరితిత్తులను పట్టేసే ముసురు జ్వరంతో ఎవరైనా చనిపోతే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, దూదిపుల్లతో గొంతు లోపలి కణాలు తీసుకుంటారు. వాటిని అచ్చులో వేసి తొమ్మిది నెలలు పెంచితే స్వరపేటిక నుంచి ఊపిరితిత్తుల మొదలు దాకా ఒక గొట్టం తయారవుతుంది. పొడవు జానెడు. దాని కింద ఒక తిత్తి బిగిస్తారు. తిత్తి గాలి పీలుస్తుంది, వదులుతుంది. గొట్టం లోపలి గోడ మీద నూగు ఉంటుంది. నూగు ఊగుతున్నంతసేపూ గొంతు బతికి ఉన్నట్టు లెక్క. అందులోకి వైరస్‌ను వదులుతారు. ఒక రసాయనాన్ని వదులుతారు. ఏది గెలుస్తుందో చూస్తారు. ఎలుకల మీద చేయడానికి వీల్లేదు. ముసురు జ్వరం ఎలుకలకు రాదు.

ప్రతి ఏడూ దసరాకు ముందు రోజు అక్కడ యంత్రాలకు పూజ చేస్తారు. సూక్ష్మదర్శినికి కుంకుమ, రోబో చేతికి పూలదండ, ఫ్రీజర్ల ముందు నిమ్మకాయలు. చివర్లో కారిడార్‌లో సాంబ్రాణి వేస్తారు. గొంతులున్న గది తలుపులు మూసే ఉంచుతారు కాబట్టి ఎన్నడూ ఏమీ కాలేదు. ఆ ఏడు ఎండాకాలంలో ఏసీ మార్చారు. కొత్త ఏసీ గొంతుల గదికి గాలిని కారిడార్ నుంచి లాగుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. సాంబ్రాణి వేసేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. ధూపం పళ్ళెం పట్టుకుని కారిడార్ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది విభాగానికి అధిపతి డాక్టర్ వకుళే.

పండగ సెలవు అయ్యాక వచ్చి చూస్తే నూగు ఊగడం లేదు. పొగ జిగురులాగా పట్టేసింది. టెక్నీషియన్ ఫర్హానా ఒక్కొక్క గొంతునూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి పక్కన పెడుతూ వెళ్ళింది. మధ్యాహ్నానికి అయిపోయింది.

"మిషిన్లకు దిష్టి తీస్తే గొంతులకు తగిలింది మేడం," అంది.

వకుళ పక్కన పెట్టినవాటిలో ఒకదాన్ని తీసుకుని మళ్ళీ చూసింది. ఆమెకు యాభై రెండేళ్ళు. ఊరు తెనాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఊపిరితిత్తుల వైరస్‌లకు మందు వెతకడం తప్ప వేరే పని చేయలేదు. ఆ మధ్యాహ్నం ఆమె చీర కొంగుకు ఇంకా సాంబ్రాణి వాసన వస్తోంది. పండగ రోజు కట్టిన చీరే మళ్ళీ కట్టుకుని వచ్చింది.

బతికిన గొంతు భూలక్ష్మిది. భూలక్ష్మి హుస్నాబాద్ డిపోలో బస్సు కండక్టర్‌గా పనిచేసి, అంతకు ముందు ఏడు ముసురు జ్వరంతో పోయింది. మిగతా గొంతుల్లో స్వరతంత్రులు పెరిగాయి గాని ఒకదానికొకటి అంటలేదు. ఆమెవి అంటాయి. తిత్తి గాలి వదిలినప్పుడల్లా గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది. నోరు లేదు, నాలుక లేదు, అందుకని మాట రాదు. వచ్చేది ఊఁ. కథ చెబుతుంటే పక్కన పడుకున్నవాళ్ళు అనే ఊఁ. ఊపిరికొకసారి ఊఁ అంటుంటే గదిలో ఎవరికీ పని సాగలేదు. దాన్ని పాత సామాన్ల గదిలోకి మార్చి, విడిగా గాలి సిలిండర్ పెట్టారు. సాంబ్రాణి అక్కడికి పోలేదు.

ఆ గది తలుపు మీద ఎవరో కాగితం అంటించారు. దాని మీద 'ఊఁ' అని రాసి ఉంది.

*

భూలక్ష్మి భర్త ఓదెలు అదే డిపోలో డ్రైవర్. గొంతు ఇచ్చిన కుటుంబాలు నెలకొకసారి వచ్చి చూసుకోవచ్చని వకుళ పెట్టిన నిబంధన ఒకటుంది. చాలామంది ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదు. చూడటానికి ఏముంటుంది, గాజుపెట్టెలో గొట్టం. ఓదెలు కూడా మొదటిసారి అలాగే వచ్చాడు. ఫర్హానా ముందు నడుస్తోంది. కారిడార్ సగంలో వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే అతను గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"మా ఆమె ఎక్కడున్నది?" అని అడిగాడు.

అప్పటి నుంచి ఒక్క నెల కూడా మానలేదు. తన వారపు సెలవు నాడు వస్తాడు, గాజుపెట్టె ముందు స్టూలు మీద కూర్చుంటాడు, మాట్లాడతాడు. భార్యాభర్తలిద్దరూ ఒకే బండి మీద డ్యూటీ చేసిన రోజులు చాలా ఉన్నాయి. అతను రోడ్డు చూస్తూ మాట్లాడేవాడు, ఆమె వెనక నుంచి ఊఁ అనేది. మొహం కనిపించకుండా గొంతు వినడం అతనికి అలవాటే.

"ఇయ్యాల మల్ల గదే పాత బండిచ్చిండ్రు. రెండో గేరు పడితే ఒట్టు."

ఊఁ.

"ప్రజ్ఞాపూర్ కాడ ఒక ముసలామె ఎక్కింది. ఆధార్ కార్డు ఇంట్ల మర్సిపోయిందట. కొత్తగొచ్చిన కండక్టర్ పిల్ల టికెట్ తీస్కోవాల్సిందే అంటది. నువ్వైతే ఏం జేస్తుంటివి?"

ఊఁ.

"గదే. ఊఁ అనుకుంట నీ సంచిలకెళ్ళి పైసలు తీసి పెడ్తుంటివి. ఇంటికొచ్చి నన్ను తిడ్తుంటివి."

ఊఁ.

తిత్తి ఆడే తీరు అతనికి పట్టుబడింది. గాలి వదిలే సమయానికి మాట ఆపుతాడు. బయట నుంచి వినేవాళ్ళకు ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఫర్హానా ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"అన్నా, ఏమనుకోకు. అది ఆమె కాదని నీకు..."

"తెల్వదా నాకు. పంపు కొడ్తున్నది, చప్పుడొస్తున్నది. మెకానిక్ దోస్తులు నాకు శానమంది ఉన్నరు చెల్లె." గాజుపెట్టె వైపు చూసి అన్నాడు. "ఆమె కాదు. ఊఁ అయితే ఆమెదే."

*

దసరా అయిన రెండో వారం తుఫాను పట్టింది. ముసురు జ్వరం మళ్ళీ వచ్చింది. సిద్దిపేటలో, కరీంనగర్‌లో, జనగామలో వెంటిలేటర్లు నిండాయి.

వకుళ దగ్గర ఒక రసాయనం ఉంది. రోబో చేయి పదకొండు వేల రసాయనాలను చుక్క చుక్కగా కణాల మీద వేసి చూస్తే మిగిలింది అదొక్కటి. ఎప్పుడో ఎవరో కడుపు మంటకు మందుగా తయారు చేసి, పనిచేయక పక్కన పెట్టిన రసాయనం. పెట్టెలో జీ వరసలో ఏడో గుంటలో ఉండేది కాబట్టి జీ-ఏడు అని పేరు. దసరాకు ముందు గొంతుల్లో జీ-ఏడు వేసి తర్వాత వైరస్‌ను వదిలితే వైరస్ నిలవలేదు. ఆ గొంతులను కడిగి మళ్ళీ వాడుకున్నారు. భూలక్ష్మి గొంతు విడిగా ఉండటంతో దాని వంతు రాలేదు.

కానీ మనుషులు జ్వరం రాకముందు ఆసుపత్రికి రారు. మూడో రోజు ఆయాసం పట్టాక వస్తారు. వైరస్ గొంతు నుంచి కిందికి దిగిన తర్వాత ఇస్తే జీ-ఏడు పనిచేస్తుందా అన్నది చూడాలి. అది చూపించకుండా మనిషికి ఇవ్వడానికి అనుమతి రాదు. ఆ ప్రయోగం దసరా తర్వాత చేయాలని పెట్టుకున్నారు. దానికి విడి కణాలు చాలవు, వైరస్ కిందికి దిగేంత పొడవున్న గొంతు కావాలి. దూదిపుల్ల మీద వచ్చిన కణాలన్నీ ఒక్క గొంతుకే సరిపోతాయి, దాచుకోవడానికి ఏమీ మిగలదు. కొత్త గొంతు కావాలంటే కొత్తగా ఒక మనిషి చనిపోవాలి. తర్వాత తొమ్మిది నెలలు ఆగాలి.

ప్రతి కొత్త ప్రయోగానికీ కుటుంబం సరేననాలి. ఆ నిబంధన కూడా వకుళ పెట్టిందే.

ఓదెలు వచ్చిన రోజు ఆమె అతన్ని తన గదిలోకి పిలిచింది. ఫర్హానా టీ తెచ్చి పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

"ముందు ఒక విషయం చెప్పాలండీ ఓదెలు గారూ," అని వకుళ సాంబ్రాణి సంగతి చెప్పింది. ఎవరు వేశారో కూడా చెప్పింది.

అతను విన్నాడు. "మా డిపోల గూడ ఏస్తం. టైరు కింద నిమ్మకాయ పెట్టి, ఇంజన్‌కు పొగ పడ్తం. బండ్లకు ఎన్నడేం కాలే."

"బండ్లు ఊపిరి తీసుకోవు కదండీ."

అతను నవ్వలేదు. "ఇంకేం చెప్పాల్నో చెప్పున్రి మేడం."

ఆమె జీ-ఏడు గురించి చెప్పింది. వైరస్ కణంలోకి జొరబడుతుంది. లోపల ఒకటి వందలవుతుంది. ఆ వందలూ బయటకు వచ్చి పక్క కణాల్లోకి పోతాయి. లోపలికి పోకుండా ఆపడానికి ప్రపంచంలో చాలామంది ప్రయత్నించారు. జీ-ఏడు అలా చేయదు. లోపలివాటిని బయటకు రానీయదు.

"అంటే ఎక్కే డోర్ కాదు, దిగే డోర్ మూస్తది," అన్నాడు ఓదెలు.

"అంతేనండి. దిగే డోర్."

"లోపలున్నయి?"

"ఆ కణంతో పాటే పోతాయి. పక్కది బతుకుతుంది."

అతను టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "మా ఆమె గొంతుల పురుగు ఇడుస్తరు. మూడొద్దులు చూస్తరు. తర్వాత మందిస్తరు."

"అవునండి."

"పనిజేయకుంటే గొంతు సస్తది."

"చచ్చిపోతుంది."

"పనిజేస్తే బతుకుతది గద."

"బతుకుతుందండి. కానీ కోసి చూడాలి. పై నుంచి కింది దాకా ముక్కలు కోసి, వైరస్ ఎక్కడైనా దాక్కుందేమో చూడాలి. మందు పనిచేసినా కోయాలి, చేయకపోయినా కోయాలి."

"బతికినదాన్ని కోస్తరు."

"అవునండి."

తలుపు దగ్గర ఫర్హానా నేల వైపు చూస్తోంది. గోడ అవతల నుంచి ఊఁ వినిపిస్తోంది. ఓదెలు అటు చూడలేదు.

"నేను కాదంటే?"

"ఆపేస్తాం. మళ్ళీ అడగను."

"కాదంటున్న మేడం."

"సరేనండీ," అంది వకుళ.

ఆ రోజు అతను గదిలోకి వెళ్ళలేదు. మెట్లు దిగి, గేటు దాటి, రహదారి దాకా నడిచి సిద్దిపేట బస్సెక్కాడు. కేంద్రం డైరెక్టర్ ఫోన్ చేసి, ఇంకొకసారి అడిగి చూడమని వకుళకు చెప్పాడు. అడగనని చెప్పాను కదా అందామె. ఆ వారమంతా రోబో చేయి ముందు కూర్చుని, గొంతు అక్కర్లేకుండా ప్రయోగం చేసే దారేదైనా ఉందేమోనని చూసింది. లేదు.

*

ఓదెలు కూతురు హారిక సిద్దిపేటలో నర్సు. ముసురు జ్వరం వార్డులో డ్యూటీ. తండ్రి ప్రతి రెండు రోజులకొకసారి అన్నం డబ్బా తెచ్చి ఇస్తాడు. వార్డు బయట గాజు అద్దం ఉంది. దాని ఇవతల నిలబడితే మంచాలు కనిపిస్తాయి. హారిక మాస్కు తీసి, చేతులు కడుక్కుని వచ్చేదాకా అతను అక్కడ నిలబడతాడు.

ఆ రోజు రెండో మంచం పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన గౌను, తలకు టోపీ. మంచం మీద అతని భార్య. ఆమె నోట్లో గొట్టం. ఆ మనిషి ఆగకుండా మాట్లాడుతున్నాడు. మధ్యమధ్య ఆగి ఆమె మొహంలోకి చూస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు.

"గాయన ఏం చెప్తున్నడు బిడ్డా?" అని అడిగాడు ఓదెలు.

"బర్రె ఈనిందట. పెయ్యదూడట. పొద్దుగాల్నుంచి గదే చెప్తున్నడు."

"ఆమెకు ఇనవడ్తదా?"

"తెల్వది నాయినా. ఇనవడ్తదనుకోనే మాట్లాడుమంటం."

ఓదెలు అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. భూలక్ష్మి పోయే ముందు వారం అతనూ అలాగే మాట్లాడాడు. డిపోలో ఎవరికి బదిలీ అయింది, ఇంటి వెనక జామచెట్టు కాసిందా, హారికకు ఉద్యోగం ఉత్తర్వు వచ్చిందా లేదా. ఒక్కదానికీ ఊఁ రాలేదు. గొంతులో గొట్టం ఉంటే ఊఁ రాదు. శామీర్‌పేటలో స్టూలు మీద కూర్చుని మొదటి నెలల్లో అతను చెప్పినవన్నీ ఆ వారం మాటలే. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఒక్కొక్కదానికీ ఊఁ వచ్చింది.

బెంచీ మీద కూర్చుని హారిక అన్నం తింటుంటే, అతను వకుళ అడిగిన సంగతి చెప్పాడు. కాదన్నానని కూడా చెప్పాడు. ఆమె నమలడం ఆపలేదు.

"నువ్వు ఒక్కసారన్న వస్తే మంచిగుండు," అన్నాడు.

"నేను రాను నాయినా. చెప్పిన గద."

"అమ్మ గొంతు..."

"అందుకే రాను. నువ్వు నెలకోపారి ఇని వస్తవ్. నేను రోజు గొట్టాలు ఏసేటోళ్ళ పక్కన నిలవడ్త. గా ఊఁ ఒక్కపారి ఇన్ననుకో, మల్ల గీ వార్డులకు రాలేను." ఆమె డబ్బా మూత పెట్టింది. "పచ్చిపులుసుల ఉప్పెక్కువైంది. ఎవలు జేసిన్రు, నువ్వేనా?"

"నేనే."

"అనుకున్న."

"నేను కాదన్నది తప్పంటవా?"

"నేనేమన్న అన్ననా? నీకు ఉన్నది గదొక్కటే. తీసియ్యమని నేనెట్లంట." లేచి, మాస్కు పెట్టుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. రెండో మంచం దగ్గర ఆగి, ఆ మనిషి భుజం తట్టి ఏదో చెప్పింది. అతను తలూపి మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఓదెలు బస్టాండు దాకా వచ్చాడు. హుస్నాబాద్ బండి కదలడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్ తెలిసినవాడే, రమ్మని చెయ్యూపాడు. ఓదెలు ఎక్కలేదు. ఫోన్ తీశాడు.

"మేడం, ఒక మాట. మీ మందు పనిజేస్తే గొట్టం ఏసినోళ్ళకు గొట్టం తీస్తరా?"

"చాలామందికి తీయొచ్చండి."

"తీసినంక మాట్లాడ్తరా?"

"రెండు మూడు రోజులు గొంతు బొంగురుగా ఉంటుంది. తర్వాత మాట్లాడతారు."

"అయితే జేయున్రి," అన్నాడు. "నేనుండాలె."

*

వైరస్‌ను వదిలే గది వేరు. గాజుపెట్టెను అందులోకి మార్చారు. ఓదెలును బయట అద్దం దగ్గర కూర్చోబెట్టారు. మాట్లాడటానికి మైకు, వినడానికి స్పీకరు. అతని మాట లోపలికి వినిపించడం వల్ల ప్రయోగానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మైకు పెట్టించింది ఫర్హానా. వకుళ చూసి ఊరుకుంది.

మొదటి రోజు సాయంత్రానికి ఊఁ బొంగురుపోయింది. ఓదెలు మాట్లాడుతూనే ఉన్నాడు. డిపో సంగతులు అయిపోతే రూట్ చెప్పాడు. సిద్దిపేట, దుద్దెడ, ప్రజ్ఞాపూర్, వంటిమామిడి, ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరు చిల్లర ఇవ్వరో. రెండో రోజు గొంతు రెండు ఊపిరులకొకసారి పలికింది. తర్వాత పలకలేదు. తిత్తి ఆడుతోంది. గాలి పోతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"ఇంటికి పోయి రాపో అన్నా," అంది ఫర్హానా. "ఎట్లయినా ఏం ఇనవడదు."

"అప్పుడు గూడ గిట్లనే ఉండె," అన్నాడు. "అప్పుడు పోలే."

మూడో రోజు వకుళ చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళింది. సూక్ష్మదర్శినిలో చూసింది. నూగు సగం రాలిపోయింది. ఆసుపత్రికి వచ్చేనాటికి మనుషుల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. జీ-ఏడు సీసా తీసి గొట్టంలోకి వదిలింది. ఆ సీసా మీద ఫర్హానా 'దిగే డోర్' అని రాసి పెట్టింది. అప్పటికి అంతస్తు అంతా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

నాలుగో రోజు ఏమీ జరగలేదు. వకుళ అద్దం దగ్గరికి కుర్చీ తెచ్చుకుని ఓదెలు పక్కన కూర్చుంది. అతను మాట్లాడుతుంటే వింది. మధ్యలో ఒకసారి, తెలియకుండానే, ఊఁ అంది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మీకు పిల్లలా మేడం?"

"లేరండి."

"సారు?"

"బందరులో ఉంటారు. లెక్చరరు. సెలవులకు వస్తారు."

"గంత దూరం ఎందుకు?"

"ఈ పని అక్కడ లేదు కదండీ. రిటైరైతే వచ్చేస్తానంటున్నారు. మందు దొరికితే నేనే వెళ్ళిపోతానని నేనంటున్నాను. ఎన్నేళ్ళుగానో అంటున్నాను."

ఐదో రోజు పొద్దున ఫర్హానా లోపల ట్రే మారుస్తోంది. ఓదెలు హారిక గురించి చెబుతున్నాడు. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైందని ఎలా అన్నదో చెబుతున్నాడు. స్పీకరులో గాలి చప్పుడు మధ్య గరగరమని ఒకటి వచ్చింది. ఫర్హానా ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాతి ఊపిరికి గరగర లేదు. దాని తర్వాతి ఊపిరికి వచ్చింది.

ఊఁ.

బొంగురుగా ఉంది. మళ్ళీ వచ్చింది. వకుళను పిలవడానికి ఎవరో పరిగెత్తారు. ఆమె వచ్చి సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. నూగు ఊగుతోంది. రాలిన చోట కొత్తది మొలుస్తోంది. ఫర్హానాను రమ్మని, నువ్వూ చూడమంది. ఇద్దరూ చూశారు. కారిడార్‌లో ఎవరో చప్పట్లు కొట్టబోయి, అద్దం దగ్గర ఉన్న మనిషిని చూసి మానుకున్నారు. వకుళ బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

ఓదెలు పక్కన కూర్చుని చెప్పింది. "పనిచేసిందండి. ఇవాళే గాలి ఆపి కోయాలి. ఆలస్యమైతే లోపల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది. మధ్యాహ్నం దాకా ఆగగలను. అంతకంటే ఆగలేను."

"మధ్యాహ్నం దాక ఎందుకు," అన్నాడు ఓదెలు. "జెరంతసేపు సాలు."

లోపల ఫర్హానా గాలి సిలిండర్ దగ్గర నిలబడింది. వాల్వు మీద చెయ్యి వేయలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఓదెలు మైకు ముందుకు వంగాడు.

"బర్రె ఈనిందట," అన్నాడు. "మనది కాదు. సిద్దిపేట ఆస్పత్రిల ఒకాయనది. పెయ్యదూడ."

ఊఁ.

"గాయనకు జవాబు చెప్పేటోళ్ళు లేకుండె. ఇగ చెప్తదేమో ఆయన భార్య. మేడం మందు పనిజేసిందట."

ఊఁ.

"హారిక మంచిగున్నది. నేను వండింది తింటలేదు. నీ చెయ్యి కాదు గద."

ఊఁ.

అతను ఇంకేదో చెప్పబోయాడు. చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఇంతకు ముందు ఆ గొంతు పలుకుతుండగా అతను మాట్లాడకుండా కూర్చున్నది లేదు. వచ్చిన ప్రతిసారీ, వచ్చినప్పటి నుంచి లేచేదాకా మాట్లాడాడు. చెప్పడం అయిపోతే లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మాట్లాడలేదు.

ఊఁ, అంది గొంతు.

ఎవరూ ఏమీ చెప్పలేదు. తిత్తి గాలి పీల్చింది, వదిలింది.

ఊఁ.

లోపల ఫర్హానా తల తిప్పేసుకుంది. వకుళ అతని మొహం చూసి ఏదో అనబోయింది. అతను వద్దని చెయ్యి ఎత్తాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. అడగకపోయినా, చెప్పకపోయినా, బొంగురు తగ్గుతూ, అదే ఎడంతో వస్తూనే ఉంది. ఓదెలు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వింటున్నాడు.

కొంతసేపటికి, గొంతు ఒకసారి పలికి ఆగిన చోట, అతను అన్నాడు.

"ఊఁ."

గొంతు పలికింది. అతను మళ్ళీ ఊఁ అన్నాడు. అది చెబుతున్నట్టు, అతను వింటున్నట్టు అలా కొంతసేపు నడిచింది. ఎంతసేపో వకుళ చూసుకోలేదు. ఆమె ఎప్పుడూ గడియారం చూసే మనిషి.

ఓదెలు అద్దంలోంచి ఫర్హానా వైపు చూసి తలాడించాడు. ఆమె వెనక నుంచి చేతులు తీసి వాల్వు తిప్పింది. తిత్తి సగం దాకా లేచి, అక్కడ ఆగి, మెల్లగా కిందికి వాలింది.

గది నిశ్శబ్దమైంది. ఓదెలు ఇంకొకసారి ఊఁ అన్నాడు.